షాపుకు ఆన్‌లైన్ పేజీ: ఏది ఎవరికి నప్పుతుంది, ఎట్లా దిద్దుకోవాలి

వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంటికి, హనుమకొండ చౌరస్తాలోని బొటిక్‌కు, కాజీపేట స్టేషన్ పక్కన టిఫిన్ సెంటర్‌కు ఒకే రకం పేజీ పనికిరాదు. అయినా మూడు చోట్లా వినిపించే సలహా ఒక్కటే: "ఇన్‌స్టాలో అకౌంట్ తెరువు, మంచి లోగో చేయించు, రోజుకో రీల్ పెట్టు." బొటిక్‌కు ఆ సలహా సరిపోతుంది. టిఫిన్ సెంటర్‌కు దానితో పెద్దగా ఒరిగేదేమీ లేదు. జంపఖానాల ఇంటికి సగం సరిపోతుంది, మిగతా సగం వేరేచోట వెతుక్కోవాలి.

చిన్న వ్యాపారాలకు పేజీలు తయారుచేసి ఇచ్చే పనిలో ఉన్నందువల్ల నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. పేజీ తెరిచిన మనిషి మనసులో మూడే ప్రశ్నలుంటాయి: ఇక్కడ ఏం దొరుకుతుంది, ఎంతకు దొరుకుతుంది, నేను దాన్ని ఎట్లా తెచ్చుకోవాలి. ఫొటో, పేరు, బయో (పేరు కింద రాసే చిన్న పరిచయం), బటన్, పిన్ చేసిన (పైనే నిలిపి ఉంచిన) పోస్టు, వీటన్నిటినీ ఈ మూడింటితోనే కొలవాలి. వీటిలో ఏ ఒక్కదానికీ జవాబు చెప్పని అలంకారం ఎంత అందంగా ఉన్నా అడ్డమే. కింది పోలికలన్నీ ఈ కొలతతోనే రాశాను.

గిరాకీ ఎక్కడి నుంచి వస్తుంది?

బండి పంక్చరైనవాడు ఇన్‌స్టాగ్రామ్ తెరవడు. పంటి నొప్పితో రాత్రంతా మేలుకున్నవాళ్లు ఫేస్‌బుక్‌లో డాక్టర్‌ను వెతకరు. వాళ్లు గూగుల్‌లోనో మ్యాప్‌లోనో కొడతారు, మొదట కనిపించిన రెండు మూడింటికి ఫోన్ చేస్తారు. అవసరం ముందే పుట్టి దుకాణం కోసం వెతుకుతున్న గిరాకీ ఇది. మెకానిక్, మెడికల్ షాపు, లాడ్జి, టిఫిన్ సెంటర్, జిరాక్స్, క్లినిక్, ఎలక్ట్రీషియన్, వీళ్లందరికీ మొదటి పేజీ గూగుల్ బిజినెస్ ప్రొఫైలే. 2021 దాకా దీన్ని గూగుల్ మై బిజినెస్ అనేవారు. పైసా ఖర్చు లేదు. చిరునామా, తెరిచే వేళలు, ఫోన్ బటన్, దారి చూపే బటన్, ఫొటోలు, రివ్యూలు అన్నీ ఒక్కచోట ఉంటాయి. అంటే మూడు ప్రశ్నల్లో "ఎట్లా తెచ్చుకోవాలి" అన్నదానికి దీన్ని మించిన జవాబు ఇంకెక్కడా దొరకదు.

దీనికి కొన్ని కట్టుబాట్లున్నాయి. బోర్డు మీద ఉన్న పేరే ఇక్కడా రాయాలి. పేరు పక్కన "వరంగల్‌లో బెస్ట్, తక్కువ ధర" అని తగిలిస్తే ప్రొఫైల్‌ను ఆపేసే ప్రమాదముంది. వెరిఫికేషన్‌కు ఇప్పుడు చాలామందిని వీడియో తీయమంటున్నారు. వీధి, బోర్డు, లోపలి సరుకు, షెట్టర్ తాళం మీ చేత్తో తీయడం లాంటివి ఒకే వీడియోలో చూపించాలి. ఇంటి నుంచి పని చేసేవాళ్లు, అంటే గిరాకీ ఇంటికే వెళ్లి ఏసీ రిపేరు చేసేవాళ్లు, మెహందీ పెట్టేవాళ్లు, ఇంటి చిరునామా దాచిపెట్టి తాము తిరిగే ప్రాంతాలను మాత్రమే చూపించవచ్చు. ఈ సదుపాయం ఆడవాళ్లకు చాలా ముఖ్యం, తప్పక వాడుకోండి. గిరాకీతో ముఖాముఖి ఏమీ లేకుండా కేవలం కొరియర్‌లో పంపే వ్యాపారానికి మాత్రం గూగుల్ ప్రొఫైల్ వర్తించదు. పచ్చళ్లు పార్సిల్ చేసేవాళ్లు వేరే దారి చూసుకోవాలి.

ఆ వేరే దారి వాట్సాప్ బిజినెస్. ఇది కొత్తవాళ్లను తెచ్చిపెట్టదు, ఒకసారి వచ్చినవాళ్లను పోనివ్వదు. మామూలు వాట్సాప్‌కు, దీనికి ఉన్న పెద్ద తేడా క్యాటలాగ్. 500 వస్తువుల దాకా పెట్టుకోవచ్చు, ఒక్కోదానికి ఫొటోలు, ధర, వివరం రాసుకోవచ్చు. "అన్నా, గిదెంత?" అని ఒకే ప్రశ్న రోజంతా వచ్చే దుకాణానికి ఈ ఒక్క సదుపాయం చాలు. కొత్తగా మెసేజ్ పెట్టినవాళ్లకు తనంతట తానే పోయే పలకరింపు, షాపు మూసిన వేళల్లో పోయే జవాబు కూడా పెట్టుకోవచ్చు. ఒక నంబర్ మీద మామూలు వాట్సాప్, బిజినెస్ వాట్సాప్ రెండూ ఒకేసారి నడవవు. షాపులో ల్యాండ్‌లైన్ ఉంటే ఆ నంబర్‌తో కూడా తెరవవచ్చు, కోడ్ ఫోన్ కాల్‌లో చెబుతారు.

ఇన్‌స్టాగ్రామ్ పని ఈ రెండింటికీ భిన్నం. అక్కడికి వచ్చే మనిషికి అప్పటికి ఏ అవసరమూ ఉండదు, చూస్తూ చూస్తూ కోరిక పుడుతుంది. అందుకే చూపుకు ఆనే సరుకుకే అది. మగ్గం వర్క్ బ్లౌజులు, పెళ్లి మేకప్, కేకులు, కరీంనగర్ వెండి ఫిలిగ్రీ (సన్నటి వెండి తీగల పని), చేర్యాల బొమ్మలు, పెంబర్తి ఇత్తడి పని, ఇవన్నీ అక్కడ వెలిగిపోతాయి. సిమెంటు, ఎరువులు, ట్యాక్స్ ఫైలింగ్ లాంటివాటికి ఇన్‌స్టా పేజీ ఉంటే తప్పు లేదు గాని, దాని మీద పెట్టే గంటలు గూగుల్ ప్రొఫైల్‌లో ఫొటోలు, వేళలు సరిచూసుకోవడానికి వాడితే లాభం ఎక్కువ.

ఇక ఫేస్‌బుక్. పోయింది, ముసలిదైంది అని యువకులు అంటారు. పెళ్లి ఖర్చు పెట్టే తల్లిదండ్రులు, బయటి దేశాల్లో ఉండి ఊళ్లో ఇల్లు కట్టించుకునేవాళ్లు, స్కూలు పూర్వ విద్యార్థుల గ్రూపులు ఇంకా అక్కడే ఉన్నాయి. ఫంక్షన్ హాలు, క్యాటరింగ్, ప్రైవేటు స్కూలు, ప్లాట్లు, ఇంటీరియర్ పనులకు ఫేస్‌బుక్ పేజీని నేను ఇప్పటికీ సిఫారసు చేస్తాను. యూట్యూబ్ చానల్ అనేది చెప్పడానికి విషయం ఉన్నవాళ్లకు, అంటే పాఠం చెప్పే సార్లకు, వ్యవసాయం చూపించేవాళ్లకు. దుకాణం పేజీగా దాన్ని లెక్కలోకి తీసుకోను.

నా వరస ఇది: షెట్టర్ ఉన్న దుకాణాలకు, బొటిక్ లాంటివి తప్పిస్తే, ముందు గూగుల్, వెంటనే వాట్సాప్ బిజినెస్. ఈ రెండూ నిండుగా ఉన్నాకే ఇన్‌స్టా లేదా ఫేస్‌బుక్, అదీ రెండింట్లో ఒకటే. నాలుగు పేజీలు తెరిచి నాలుగింట్లోనూ పాత ఫోన్ నంబర్ ఉండటం కంటే ఒక్కటి తాజాగా ఉండటం నయం.

పర్సనల్, బిజినెస్, క్రియేటర్

ఇన్‌స్టాలో మూడు రకాల అకౌంట్లున్నాయి. పర్సనల్ అకౌంట్‌ను ప్రైవేట్ చేసుకోవచ్చు, మిగతా రెండింటినీ చేసుకోలేరు. బిజినెస్ అకౌంట్‌లో ఫోన్ బటన్, చిరునామా, ఏ రకం వ్యాపారమో చెప్పే లేబుల్, ఎంతమంది చూశారన్న లెక్కలు వస్తాయి. కాని ఎక్కువ సినిమా పాటలు దొరకవు. ఆ పాటల కోసమే కొందరు క్రియేటర్ అకౌంట్‌కు మారుతుంటారు. డ్యాన్స్ నేర్పేవాళ్లకు, మేకప్ ఆర్టిస్టులకు, తమ ముఖమే వ్యాపారమైనవాళ్లకు క్రియేటర్ అకౌంట్ బాగానే ఉంటుంది. చిరునామా ఉన్న దుకాణానికి మాత్రం బిజినెస్ అకౌంటే సరైనది. పాట లేదని బాధపడనక్కర్లేదు. మగ్గం చప్పుడు, ఇత్తడి మీద సుత్తి దెబ్బ, పెనం మీద దోసె చుయ్యిమనడం, ఈ శబ్దాలకు ఏ కాపీరైటూ అడ్డురాదు, పైగా అవి మీ ఒక్కరివే.

ఫేస్‌బుక్‌లో తేల్చుకోవాల్సింది ప్రొఫైలా, పేజీనా అన్నది. దుకాణం పేరుతో మనిషి ప్రొఫైల్ తెరిచి ఫ్రెండ్ రిక్వెస్టులు పంపడం మన దగ్గర ఇంకా కనిపిస్తుంది. అది ఆ సంస్థ నిబంధనలకు విరుద్ధం, ఎప్పుడైనా మూతపడవచ్చు. పైగా 5,000 మంది స్నేహితుల దగ్గర ఆగిపోతుంది. పేజీకి ఆ హద్దు లేదు.

పేజీ ఎంచుకోవడానికి ఇంకో బలమైన కారణం ఉంది: నడిపేవాళ్లను వేరుగా చేర్చి, హక్కును యజమాని దగ్గరే ఉంచుకోవచ్చు. చాలా దుకాణాల పేజీలను చుట్టాలబ్బాయో, కొన్నాళ్లు పనిచేసిన కుర్రాడో తన నంబర్‌తో, తన మెయిల్‌తో తెరిచి పెడతాడు. అతను హైదరాబాద్‌లో ఉద్యోగానికి పోతాడు. నంబర్ మారుస్తాడు. ఆ తర్వాత పేజీ కనిపిస్తూనే ఉంటుంది, దాంట్లో ఒక్క అక్షరం మార్చేవాళ్లుండరు. రేట్లు పాతవి, షాపు పాత గల్లీలోనే ఉన్నట్టు చూపిస్తుంది, గిరాకీ అక్కడికి పోయి వెనక్కి తిరుగుతుంది. కాబట్టి ఏ పేజీ తెరిచినా మెయిల్, ఫోన్ నంబర్ యజమానివే ఉండాలి. పేజీ నడిపే కుర్రాడికి పాస్‌వర్డ్ చెప్పనక్కర్లేదు, ఫేస్‌బుక్ పేజీలోనూ గూగుల్ ప్రొఫైల్‌లోనూ అతన్ని వేరుగా చేర్చే వీలుంది. ఇంట్లో ఇంకొకరిని కూడా పూర్తి హక్కులతో చేర్చండి. రెండంచెల రక్షణ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగే సెట్టింగ్) ఆన్ చేయండి, ఆ సమయంలో ఇచ్చే బ్యాకప్ కోడ్లను కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. "మీ పేజీ మీద కాపీరైట్ ఫిర్యాదు వచ్చింది, ఈ లింకు నొక్కండి" అని వచ్చే మెసేజ్‌లను నొక్కవద్దు, పేజీలు ఎక్కువగా పోయేది ఆ దారిలోనే. పొరపాటున డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

గుండ్రటి ఫొటో: లోగోనా, ముఖమా, సరుకా?

ప్రొఫైల్ ఫొటో విషయంలో లోగోయే పెట్టాలన్న పట్టింపు చాలామందికి ఉంటుంది. నేను అన్నిసార్లూ ఒప్పుకోను. ఫోన్‌లో ఆ వృత్తం బొటనవేలి గోరంత కనిపిస్తుంది, కామెంట్ల పక్కన అంతకన్నా చిన్నగా. ఫ్లెక్సీ కోసం చేయించిన లోగోలో దుకాణం పేరు, కింద ప్రొప్రైటర్ పేరు, సెల్ నంబర్, మూలకు దేవుడి బొమ్మ ఉంటాయి. గోరంత చోటులో అవన్నీ కలిసి ఒక మరకలా కనిపిస్తాయి. పైగా చతురస్రాన్ని వృత్తంగా కోసేస్తారు కాబట్టి నాలుగు మూలల్లో ఉన్నవి అసలే పోతాయి.

నమ్మకం మనిషి మీద నిలిచే వృత్తులకు ముఖం పెట్టాలి: డాక్టర్, ట్యూషన్ సారు, బ్యూటీషియన్, ఇన్సూరెన్స్ ఏజెంట్. సరుకు ఒక్క చూపులో గుర్తుపట్టేటట్టుంటే సరుకే పెట్టాలి. ఒకే జంపఖానా దగ్గరి నుంచి తీసిన ఫొటో, దాని మీది చారల రంగులు నిండుగా కనిపించేటట్టు ఉంటే, ఏ లోగో చేయలేని పని అది చేస్తుంది. లోగో ఎవరికంటే, ఇప్పటికే ఊళ్లో బోర్డు చూసి గుర్తుపట్టే పాత దుకాణాలకు, రెండు మూడు బ్రాంచీలున్నవాళ్లకు. అప్పుడు కూడా పూర్తి లోగో వద్దు, ఒక గుర్తు లేదా ఒకే అక్షరం చాలు. తెలుగు అక్షరమైతే ఒత్తు లేనిది ఎంచుకోండి. "శ్రీ" లాంటివి చిన్న సైజులో అలుక్కుపోతాయి, "క", "మ" లాంటివి నిలబడతాయి.

రంగుల సంగతి ఒక్క మాటలో తేలిపోతుంది. అక్షరానికి, వెనుక రంగుకు మధ్య తేడా బాగా ఉండాలి. వెబ్ పేజీలకు అంతర్జాతీయంగా పాటించే ప్రమాణం మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5కి 1 కాంట్రాస్టు. పసుపు మీద తెలుపు, ఎరుపు మీద నీలం ఆ ప్రమాణానికి అందవు. మే నెల ఎండలో ఫోన్ పట్టుకుని వచ్చే గిరాకీకి అవి అస్సలు కనిపించవు.

పేరు, బయో: తెలుగులోనా, ఇంగ్లిష్‌లోనా?

ఎక్కువ ఆలోచించాల్సింది ఇక్కడే. ఎందుకంటే వెతికినప్పుడు మీరు కనిపించడం, కనిపించాక అర్థం కావడం రెండూ దీని మీదే ఆధారపడ్డాయి.

ఇన్‌స్టాలో పేరు అనేది రెండు చోట్ల ఉంటుంది. ఒకటి యూజర్‌నేమ్, 30 అక్షరాల లోపు. ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, చుక్క, కింది గీత మాత్రమే పనిచేస్తాయి. రెండోది పేరు గడి, 64 అక్షరాల దాకా రాయవచ్చు, తెలుగు కూడా రాయవచ్చు. చాలామంది రెండింట్లోనూ ఒకే పేరు రాసి మంచి చోటు వృథా చేస్తారు. వెతుకుడులో పేరు గడి కూడా లెక్కకు వస్తుంది. కాబట్టి యూజర్‌నేమ్‌లో దుకాణం పేరు, పేరు గడిలో దుకాణం పేరుతో పాటు మీరు అమ్మేది, ఊరు రాయండి. ఉదాహరణకు దుకాణం పేరు తర్వాత "జంపఖానాలు, వరంగల్" అని ఇంగ్లిష్ అక్షరాల్లో. తెలుగు మాట్లాడేవాళ్లలో కూడా ఎక్కువమంది వెతికేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాలే కొడతారు, అందుకని ఈ ఒక్క గడి వరకు ఇంగ్లిష్ లిపిదే పైచేయి. ఈ గడిని 14 రోజుల్లో రెండుసార్లకు మించి మార్చనివ్వరు కాబట్టి కాగితం మీద రాసుకుని, నలుగురికి చూపించి మార్చండి. యూజర్‌నేమ్‌ను మాత్రం మార్చకండి. విజిటింగ్ కార్డులు, బిల్లు పుస్తకాలు, పాత లింకులు అన్నీ ఒక్క దెబ్బతో పనికిరాకుండా పోతాయి.

ఊరి పేరుతో మన దగ్గర ఒక చిక్కుంది. 2021లో వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండ జిల్లా అయింది. సుబేదారి, నక్కలగుట్ట, కాజీపేటలోని దుకాణాల చిరునామాలో జిల్లా హనుమకొండ. కాని నర్సంపేట నుంచో పరకాల నుంచో, హైదరాబాద్ నుంచో వెతికేవాళ్లు వరంగల్ అనే కొడతారు. ఇక ఇంగ్లిష్‌లో హనుమకొండను రకరకాలుగా రాస్తారు. చిరునామా గడిలో ప్రభుత్వ లెక్కల్లో ఉన్నట్టే రాయండి, బయోలో "హనుమకొండ, వరంగల్" అని రెండు పేర్లూ కలిపి రాయండి. దాంతో పాటు అందరికీ తెలిసిన గుర్తు ఒకటి చెప్పండి, వేయిస్తంభాల గుడి దగ్గరనో, ఎంజీఎం ఆసుపత్రి ఎదురుగానో. కొత్తగా వచ్చేవాళ్లు డోర్ నంబర్ చూసి రారు, గుర్తు చూసి వస్తారు.

బయోకు ఇన్‌స్టాలో 150 అక్షరాలే. తెలుగులో ఇది అనుకున్నదానికన్నా తొందరగా అయిపోతుంది. గుణింతాలను, ఒత్తులను, సున్నాను కంప్యూటర్ వేరువేరు గుర్తులుగా దాచుకుంటుంది. మన కంటికి నాలుగక్షరాల "జంపఖానా" దాని దృష్టిలో ఏడు గుర్తులు. అందువల్ల తెలుగు బయోలో ఒక్క మాట కూడా ఊరికే ఉండకూడదు.

ఎక్కువ దుకాణాలు ఏం రాస్తాయంటే: "నాణ్యతే మా నినాదం. నమ్మకానికి మారుపేరు. మీ సేవలో ఎల్లప్పుడూ." చదివినవాళ్లకు అది సైకిల్ షాపో స్వీట్ షాపో తెలియదు. మూడు ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబు లేదు. దాన్ని ఇట్లా మార్చి చూడండి:

"చేనేత జంపఖానాలు, అన్ని సైజులు. ధర ₹___ నుంచి.
కొత్తవాడ, వరంగల్. ఉ. 10 – రా. 8.
కొరియర్ ఉంది. వాట్సాప్ చేయండి 👇"

ఏముంది, ఎంత, ఎట్లా, అన్నీ వచ్చాయి. పొగడ్త ఒక్కటీ లేదు, ఆ పని ఫొటోలు చూసుకుంటాయి.

భాష సంగతికి వస్తే, గిరాకీ మీతో ఏ భాషలో బేరమాడుతుందో బయో ఆ భాషలో ఉండాలి. ఊళ్లోవాళ్లే కొనే పచ్చళ్లు, చీరలు, ట్యూషన్లకు తెలుగు లిపి. బయటి రాష్ట్రాలకు, విదేశాలకు పంపే ఫిలిగ్రీ, చేర్యాల చిత్రాలకు ఇంగ్లిష్, చివర ఒక తెలుగు ముక్క. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాయడం చాట్‌లో బాగానే ఉంటుంది గాని బయోలో నాకు ఇష్టం లేదు. పెద్దవాళ్లు కూడబలుక్కుని చదవాల్సి వస్తుంది, తెలుగు రానివాళ్లకు ఎట్లాగూ అర్థం కాదు. రెండు వర్గాలూ చేజారుతాయి.

డీటీపీ సెంటర్‌లో కరపత్రం చేయించినవాళ్లకు ఇంకో మాట. అక్కడ ఎక్కువగా వాడే అను ఫాంట్లు యూనికోడ్ (ఫోన్లన్నీ చదవగలిగే అక్షరాల పద్ధతి) కావు. ఆ ఫైలులోని తెలుగును కాపీ చేసి బయోలో అతికిస్తే అర్థం లేని గుర్తులు కనిపిస్తాయి. ఫోన్‌లోనే తెలుగు కీబోర్డుతో కొట్టండి, లేదా మాట్లాడి టైప్ చేయించండి. అట్లాగే ఇంగ్లిష్ పేరును వంకర్లు తిరిగిన ఫ్యాన్సీ అక్షరాల్లో రాసే యాప్‌లున్నాయి, వాటి జోలికి పోవద్దు. చూపు లేనివాళ్లు ఫోన్ చదివించుకుని వింటారు, ఆ ఫ్యాన్సీ అక్షరాలు వాళ్ల ఫోన్‌కు మామూలు అక్షరాల్లా వినిపించవు. వెతుకుడులో కూడా అవి సరిగా దొరకవు.

జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకు అని చెప్పే భౌగోళిక గుర్తింపు) గురించి కూడా ఇక్కడే చెప్పాలి. వరంగల్ జంపఖానాలకు 2018లో, మన చపాటా మిర్చికి 2025లో ఆ గుర్తింపు వచ్చింది. బయోలో రాసుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ గుర్తింపును తమ సరుకు మీద వాడుకోవాలంటే అధీకృత వాడుకదారుగా నమోదు కావాలని చట్టం చెబుతుంది. నమోదైనవాళ్లు తప్పకుండా బయోలో మొదటి వరుసలో రాయండి, నకిలీ సరుకు మధ్య మీకు అది నిజమైన బలం. తినే వస్తువులు అమ్మేవాళ్లు 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) లైసెన్సు లేదా రిజిస్ట్రేషన్ నంబర్ పెట్టండి. ఇంట్లో చేసిన పచ్చడి కొనేవాళ్లకు "అమ్మ చేతి వంట" అన్న మాటకన్నా ఆ నంబరే ఎక్కువ ధైర్యం ఇస్తుంది.

బటన్: ఫోనా, వాట్సాపా, లింకులా?

తొందర ఉన్న పనికి ఫోన్ బటన్. చూసి, ఎంచుకుని, ఇంట్లో అడిగి కొనే సరుకుకు వాట్సాప్. ఈ ఒక్క తేడా గుర్తుంటే మిగతాది తేలికే. ప్లంబర్ పేజీలో వాట్సాప్ ముందుంటే నీళ్లు కారుతున్న ఇంటివాళ్లు వేరే ప్లంబర్‌ను పిలుచుకుంటారు. బ్లౌజు కుట్టే అక్క పేజీలో ఫోన్ ముందుంటే, మాట్లాడటానికి మొహమాటపడే కాలేజీ అమ్మాయి ఆగిపోతుంది, అక్కకు కూడా మిషన్ మీద నుంచి లేచి ఫోన్ ఎత్తడం ఇబ్బంది.

ఇన్‌స్టా బయోలో 2023 నుంచి ఐదు లింకుల దాకా పెట్టుకోవచ్చు. అంతకు ముందు ఒక్కటే కుదిరేది కాబట్టి లింకులన్నీ చూపే వేరే పేజీలు వాడేవారు. ఇప్పుడు చిన్న దుకాణానికి వాటి అవసరం లేదు, నొక్కాల్సింది ఒకటి పెరుగుతుందే తప్ప ఉపయోగం లేదు. ఐదు పెట్టవచ్చు కదా అని ఐదూ పెట్టకండి. రెండు చాలు: వాట్సాప్ చాట్ లింకు, మ్యాప్ లింకు. చాట్ లింకులో మీ నంబర్ ముందు 91 ఉండాలి, ప్లస్ గుర్తు, సున్నా, ఖాళీ ఉండకూడదు. ఇట్లా రాయకపోతే లింకు తెరుచుకోదు.

ఇంటి నుంచి వ్యాపారం చేసే ఆడవాళ్లకు నా గట్టి సలహా ఏమిటంటే, బటన్ వెనుక సొంత నంబర్ పెట్టకండి. వేరే సిమ్ తీసుకుని దాని మీద వాట్సాప్ బిజినెస్ తెరవండి, ప్రొఫైల్ ఫొటోగా సరుకు బొమ్మ పెట్టండి. అర్ధరాత్రి వచ్చే మెసేజ్‌లకు షాపు మూసిన వేళ అన్న జవాబు తనంతట తానే పోతుంది. ఇంటి చిరునామాను పూర్తిగా రాయనక్కర్లేదు, కాలనీ పేరు చాలు.

ధర రాయాలా, "ధర కోసం మెసేజ్ చేయండి" అనాలా అన్న వాదన ఎప్పటికీ తెగదు. రాయవద్దనేవాళ్ల కారణాలు నాకు తెలుసు: పక్క దుకాణం చూస్తుంది, వెండి ధర రోజూ మారుతుంది, బేరానికి చోటుండదు. అయినా నేను రాయమనే అంటాను. మెసేజ్ పెట్టి ధర అడగడం కొందరికి మొహమాటం, అడిగాక కొనకపోతే బాగుండదని మరికొందరు అడగనే అడగరు. పూర్తి ధర కుదరకపోతే "ఇంత నుంచి" అని మొదలు ధర రాయండి. వెండి పనికైతే బొమ్మ బరువు, మజూరీ రాసి, వెండి ఆ రోజు ధర ప్రకారం అనండి. లెక్క దాచనివాళ్లన్న నమ్మకం అక్కడే కలుగుతుంది.

పైనుండే పోస్టులు, కవర్ ఫొటో

ఇన్‌స్టాలో మూడు పోస్టులను పైన పిన్ చేయవచ్చు. మూడు ప్రశ్నలున్నాయి, మూడు పిన్నులున్నాయి, ఇంతకన్నా అనుకూలం ఏముంటుంది? ఒకటి సరుకంతా కలిపి చూపే వీడియో, రెండోది ధరల పట్టిక, మూడోది ఆర్డర్ ఎట్లా ఇవ్వాలి, దుకాణానికి ఎట్లా రావాలి. హైలైట్లలో (బయో కింద నిలిచి ఉండే స్టోరీల్లో) గిరాకీ పంపిన ఫొటోలు, వాళ్లను అడిగి మరీ పెట్టండి.

2025 మొదట్లో ఇన్‌స్టా ప్రొఫైల్‌లో పోస్టులు కనిపించే గడులు చతురస్రం నుంచి నిలువుగా మారాయి. పాత చతురస్రపు పోస్టర్ల పక్కలు ఇప్పుడు కోతపడి, ఆఫర్ అంకెలు సగమే కనిపిస్తున్నాయి. కొత్తవి నిలువుగా చేయించండి, అక్షరాలు మధ్యలో ఉంచండి. ఫేస్‌బుక్ కవర్ కూడా ఇంతే, కంప్యూటర్‌లో అడ్డంగా పొడుగ్గా, ఫోన్‌లో కాస్త ఎత్తుగా కనిపిస్తుంది. రెండింట్లో మిగిలేది మధ్య భాగమే, నంబర్ అక్కడే రాయాలి.

రివ్యూలు గూగుల్‌లో అడగండి, కాని డిస్కౌంట్ ఇస్తానని అడగకండి, అది నిబంధనలకు విరుద్ధం. చెడ్డ రివ్యూ వస్తే మర్యాదగా, రెండు వాక్యాల్లో, ఏం సరిచేశారో చెప్పండి. జవాబు చదివేది రాసినవాడు ఒక్కడే కాదు, రేపు రాబోయే గిరాకీ కూడా.

ఎవరికి ఏది

కొత్తవాడ నేతగాళ్లకు వాట్సాప్ బిజినెస్ క్యాటలాగ్ ముందు, ఇన్‌స్టా బిజినెస్ అకౌంట్ తర్వాత. క్యాటలాగ్‌లో ప్రతి జంపఖానాకు సైజు అడుగుల్లో, ఉతికే పద్ధతి, ధర రాయాలి. ఫొటో పగటి వెలుగులో, నేల మీద పరిచి, పక్కన ఒక కుర్చీ ఉంచి తీస్తే సైజు అడిగే ప్రశ్నలు సగానికి తగ్గుతాయి.

బొటిక్‌కు ఇన్‌స్టా ముందు. కాని గూగుల్‌ను వదలొద్దు, రీల్ చూసి వచ్చే అమ్మాయి చివరకు దారి వెతికేది అక్కడే. టిఫిన్ సెంటర్‌కు గూగుల్ ఒక్కటే చాలు, మెనూ ఫొటో ధరలు కనిపించేటట్టు పెట్టాలి. ట్యూషన్ సారుకు గూగుల్, ఫేస్‌బుక్ పేజీ రెండూ కావాలి, ఎందుకంటే నిర్ణయం తీసుకునేది తల్లిదండ్రులు. చపాటా మిర్చితో కారం, పచ్చడి చేసి అమ్మే రైతు కుటుంబానికి వాట్సాప్, ఇన్‌స్టా. ఎనుమాముల మార్కెట్‌లో కొనేవాళ్లు పేజీ చూసి రారు, ఈ పేజీ దూరంగా ఉండి కొనేవాళ్ల కోసం. ఆ మిర్చి గుండ్రంగా ఉంటుంది, రంగు ఎక్కువ, ఘాటు తక్కువ అని బయోలోనే చెప్పాలి. తెలియనివాళ్లు మామూలు కారం అనుకుని కొని, ఘాటు లేదని ఫిర్యాదు చేస్తారు.

2021లో రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు వచ్చాక పాలంపేట చుట్టుపక్కల ఇంట్లో గది ఇద్దామనుకునేవాళ్లకు గూగుల్ ప్రొఫైలే ప్రాణం. గుడి నుంచి దూరం, బాత్రూం ఫొటో, కారు పెట్టుకునే చోటు, రాత్రి భోజనం ఉందా లేదా, ఈ నాలుగూ తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ రాయాలి. మేడారం జాతర జరిగే ఏడాదిలో ఆ రోజుల రేట్లు విడిగా రాయండి, లేకపోతే వచ్చాక గొడవలు.

పండుగ వేళలు కూడా మార్చడం మరవొద్దు. గూగుల్‌లో ప్రత్యేక వేళలు ముందే పెట్టుకోవచ్చు. సద్దుల బతుకమ్మ నాడు, దసరా నాడు షాపు మూసి ఉంటే "తెరిచే ఉంది" అని చూపించకూడదు.

అంతా అయ్యాక పేజీని మీ ఇంట్లోవాళ్లకు చూపించకండి, వాళ్లకు దుకాణం గురించి అన్నీ ముందే తెలుసు. పక్క గల్లీ మనిషికో, పిల్లలను స్కూల్లో దింపడానికి వచ్చిన ఎవరికో ఫోన్ ఇచ్చి, "ఇక్కడ ఏం అమ్ముతరు, ఎంతకు అమ్ముతరు, నీకు కావాలంటే ఏం చేస్తవు?" అని అడగండి. మధ్యలో సాయం చేయకుండా వాళ్ల వేలు ఎటు పోతుందో చూడండి. మొదటి ప్రశ్న దగ్గర తడబడితే ఫొటో, పేరు మార్చాలి. రెండో దాని దగ్గరైతే ధరల పోస్టు పైకి పిన్ చేయాలి. మూడో దాని దగ్గర వేలు ఆగిపోతే బటన్‌ను అక్కడికక్కడే సరిచేసి, ఇంకొకరికి చూపించండి.